పసుపు కింద మచ్చ

విజయనగరం నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక పాత మిషను ఆసుపత్రి ఉంది. లీలారాణి అక్కడ ముప్ఫై మూడేళ్ళు నర్సుగా చేసి, రిటైరై, కేకు కోసి, శాలువా కప్పించుకుని, మరుసటి సోమవారం ఎనిమిదింటికల్లా వచ్చి మళ్ళీ తన కుర్చీలోనే కూర్చుంది. “నిన్నగాక మొన్నే వీడ్కోలు చెప్పేశాం కదమ్మా” అని గుమస్తా నవ్వాడు. “మీరు సెప్పేరు. నాను సెప్పనేదు కదా” అందామె. ఆసుపత్రివాళ్ళు రెండు రోజులు ఆలోచించి, ఆవిడను పొమ్మనడం కన్నా ఉండమనడమే తేలికని తేల్చుకున్నారు.

ఆమె దగ్గర నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి ఉంది. అందులో ఒక పేజీ మాత్రం మిగతావాటికన్నా లావు. కాగితం మీద కాగితం, పై అంచు మాత్రం అంటించి, నాలుగు పొరలు పెట్టింది. పై పొర ఎత్తితే కింద పాతది, అదీ ఎత్తితే ఇంకా పాతది. రామతీర్థం చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. అక్కడ ఒక కొండ మీద రాముడుంటే పక్క కొండ మీద బౌద్ధుల ఇటుకలు ఇప్పటికీ ఎండకు ఎండుతూ ఉన్నాయి. తరవాత వచ్చినవాళ్ళు ముందువాళ్ళవి తుడిచెయ్యలేదు. లీలారాణి కూడా తుడిచే మనిషి కాదు.

ఆ పొరలన్నీ ఒకే జబ్బును గుర్తుపట్టే జాబితాలు. జబ్బు పేరు లూపస్. ఒంటికి కాపలా కాయాల్సిన బలమే దారి తప్పి సొంత ఒంటి మీద తిరగబడటం దాని గుణం. ఒకరికి కీళ్ళ మీద పడుతుంది, ఒకరికి చర్మం మీద, మరొకరికి మూత్రపిండాల మీద. ఇన్ని వేషాలు వేసేదాన్ని ఏ ఒక్క పరీక్షా పట్టివ్వదు. అందుకని వైద్యులు లక్షణాల జాబితాలు కట్టుకున్నారు. 1971లో అమెరికాలో కట్టినదానిలో పద్నాలుగు లక్షణాలు, వాటిలో నాలుగు ఉంటే లూపస్. 1982లో పద్నాలుగును పదకొండు చేశారు, నాలుగు మాత్రం నాలుగే. జుట్టు రాలడం మొదటి జాబితాలో ఉంది, రెండోదాంట్లో తీసేశారు, 2012లో వచ్చిన జాబితాలో మళ్ళీ పెట్టారు. “ఈలోగా జుట్టు రాలడం మాననేదు” అంటుంది లీలారాణి. 2019కి పద్ధతే మారింది. ముందు రక్తంలో ఏఎన్ఏ అనే పరీక్ష గడప దాటాలి. దాటాక ఒక్కో లక్షణానికి ఇన్ని మార్కులని ఉంటాయి. మొత్తం పది రావాలి. అంతవరకూ ఈ జాబితాల్లో చోటు దొరకని జ్వరానికి కూడా రెండు మార్కులిచ్చారు.

నిజానికి ఇవన్నీ పరిశోధన చేసేవాళ్ళు ఒకే తీరు రోగుల్ని ఏరుకోవడానికి పుట్టినవి. మంచం పక్కన నిలబడ్డ డాక్టరు తన బుద్ధి తాను వాడుకోవాలి. ఆ సంగతి జాబితా కట్టినవాళ్ళే చెబుతారు. అయినా కాగితం ఒకటి చేతికొచ్చిందంటే కన్ను దాని వెంటే పోతుంది. లీలారాణి కన్ను కూడా ఒకసారి పోయింది.

అది 1999. అప్పటి పెద్ద డాక్టరు నరసింగరావుగారు. రోగి ఆయన గదిలోకి వెళ్ళేలోగా పదకొండు ప్రశ్నల కాగితం నింపడం లీలారాణి పని. భోగాపురం అవతలి సముద్రపు పల్లె నుంచి గున్నమ్మ అని, చేపలమ్ముకునే మనిషి వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుంటాయి. ఆసుపత్రికి వెళ్ళడమంటే మర్యాదైన చోటికి వెళ్ళడమని, తలంటుకుని, ముఖానికి దట్టంగా పసుపు రాసుకుని, రూపాయంత బొట్టు పెట్టుకుని మరీ వచ్చింది. కీళ్ళ వాపులున్నాయి. నోట్లో పుళ్ళున్నాయి. విశాఖపట్నం పంపిన రక్తంలో ఏఎన్ఏ ఉందని వచ్చింది. మూడయ్యాయి.

“ఎండ తగిలితే చర్మం మీద ఏవైనా లేస్తాయా?” అని అడిగింది లీలారాణి.

గున్నమ్మ నవ్వింది. “ఎండ తగలకుండా నానెప్పుడున్నాను సిస్టరమ్మా, తేడా తెలవడానికి?”

ఆ గడి ఖాళీగా వదిలేసింది. తరవాతి గడి ముఖం మీద మచ్చ. లీలారాణి తలెత్తి చూసింది. ముఖం పచ్చగా నిగనిగలాడుతోంది. “లేదు” అని రాసింది.

నాలుగు కావాల్సినచోట మూడే తేలాయి. డాక్టరుగారు కీళ్ళవాతానికి మాత్రలు రాసి పంపారు. ఏడాది తిరిగేసరికి గున్నమ్మ కాళ్ళూ ముఖమూ ఉబ్బి, మూత్రం ఆగిపోయి మంచం మీద వచ్చింది. పుట్టిల్లు కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం వైపు కాబట్టి అక్కడి నీళ్ళే ముంచాయన్నారు వెంట వచ్చినవాళ్ళు. మూడో రోజు లీలారాణి తడిగుడ్డతో ఆమె ముఖం తుడిచింది. ముక్కు మీంచి రెండు బుగ్గల మీదికీ, నేరేడుపండు చిదిపిన చేత్తో రాసినట్టు ఒక మచ్చ. పుస్తకాలు దాన్ని ఎర్ర సీతాకోకచిలుక అంటాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు చూసిన బుగ్గలు తెల్లనివి. గున్నమ్మ బుగ్గ మీద అది ఎర్రగా లేదు. చామనఛాయ మీద ఇంకొంచెం నలుపు, అంచుల్లో ఊదా.

గున్నమ్మ బతకలేదు. నరసింగరావుగారు పాత కాగితం తెప్పించుకుని చూశారు. మడిచి లీలారాణి చేతిలో పెట్టారు. నోటుబుక్కులో నాలుగు పొరలకీ అడుగున ఉన్నది ఆ కాగితమే. తన చేతిరాతతో రాసిన “లేదు” కనబడేటట్టు అంటించుకుంది.

ఆ తరవాత పాతికేళ్ళు ఆమె ఆ తప్పును దాచుకోలేదు, దాని మీద పడి ఏడవనూ లేదు. పనిలో పెట్టుకుంది. వచ్చిన ప్రతి ఆడమనిషినీ ముందు ఆసుపత్రి వెనక కుళాయి దగ్గరికి పంపి, ముఖం కడిగించి, ఆ తరవాతే కాగితం తీసేది. కొత్త జాబితా వచ్చిందని ఎవరైనా డాక్టరు నోట వింటే చాలు, సండే స్కూల్లో తన దగ్గర చదువుకున్న పిల్లల్లో ఎవరినో పట్టుకుని కంప్యూటర్లోంచి తీయించుకుని, ఇంగ్లీషు ముక్కలు రెండు రాత్రులు కూడబలుక్కుని, తెలుగులో రాసి పైన అంటించేది. బొబ్బిలిలో వీణలు చేసే ఒకాయన భార్య రెండో విడత పరీక్షకి రాలేదని బస్సెక్కి వెళ్ళి, పనసచెక్క పొట్టు మధ్యన కూర్చుని మూత్రం సీసా నింపించుకుని వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ జీతం నర్సుదే. పని మాత్రం అంతకు రెండింతలు చేసేది.

రాణి అనే ఒక పడుచు సంగతి మొన్న శీతాకాలంలో జరిగింది.

రాణికి ఇరవై నాలుగేళ్ళు. నెలన్నరగా జ్వరం వచ్చిపోతోంది. నోట్లో పుళ్ళు, దువ్వితే చేతినిండా జుట్టు, వేళ్ళలో నొప్పులు. భర్త అసిరయ్య గుజరాత్‌లోని వీరావల్‌లో బోటు మీద పనిచేస్తున్నాడు. ఈ తీరంలో మగవాళ్ళు సగం మంది ఏడాదిలో సగంపైన అక్కడే ఉంటారు. కోడలిని వెంటబెట్టుకుని వచ్చిన అత్త దానమ్మకి యాభై ఉంటాయి. భర్త పోయిన మనిషి, బోసి ముఖం. కోడలి ముఖం మాత్రం పసుపుతో మెరిసిపోతోంది. భోగాపురంలో చూపించుకున్నప్పుడు ఇచ్చిన రక్తంలో ఏఎన్ఏ ఉందని ముందురోజే కాగితం వచ్చింది.

“ఎనకాల కుళాయి ఉంది. మొగం ఓసారి కడుక్కొచ్చీ తల్లీ” అంది లీలారాణి.

రాణి లేవబోయింది. దానమ్మ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టింది. “ఎందుకు కడగాలేటి?”

“మచ్చలేవైనా ఉన్నాయేమో సూడాలి.”

“మా గుంటడు సముద్రం మీద ఉన్నాడు. ఆడు ఒడ్డెక్కీదాక దీని మొగాన పసుపు తియ్యనివ్వను.”

“రెండు నిమిషాలు. మళ్ళీ రాసుకోవచ్చు.”

“మీకేటి? రాసుకోరు, కడుక్కోరు. జొరానికి మందడిగితే మీ బోడి మొగాలు మాకు అంటగడతారేటి?”

లీలారాణి క్రైస్తవురాలు, పసుపూ బొట్టూ పెట్టుకోదు. ఆ మాటకి చుర్రుమంది. “నా మొగం బోడిదైతే దేవుడికి నేని బాధ నీకేటి?” అనేసింది. అనగానే తెలిసింది, అనకూడని మాటని. ఎదురుగా ఉన్నదీ బోడి ముఖమే, ఆవిడ కోరి తెచ్చుకున్నది కాదు. దానమ్మ లేచి కోడలి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటేసింది. మూత్రానికిచ్చిన సీసా ఖాళీగా బల్ల మీద ఉండిపోయింది.

ఇప్పటి డాక్టరు మురళీమోహన్ శ్రీకాకుళం కుర్రాడు, మంచివాడు. కాగితం చూసి లెక్క చెప్పాడు. “జ్వరానికి రెండు. నోటి పుళ్ళూ జుట్టూ ఒకే వరసలో ఉన్నాయి కనక రెండూ కలిపి రెండే. కీళ్ళు నొప్పేగానీ వాపు లేదు, పొద్దున్న లేవగానే బిగుసుకుపోవడం పావుగంటే అంటోంది. దానికి సున్నా. నాలుగు మార్కులు సిస్టర్. ఏఎన్ఏ ఒక్కటే అయితే ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ కనపడుతుంది. నెల తరవాత రమ్మందాం.”

“మొగం సూడనేదు, మూత్రం సూడనేదు. సూడనివాటికి సున్నా ఏసేస్తారేటి బాబూ?” అంది లీలారాణి. “నానోసారి ఏసేను.”

మురళీమోహన్‌కి ఆ అడుగు కాగితం సంగతి తెలుసు. పెన్ను మూసి, “అయితే ఏం చేద్దాం?” అన్నాడు.

“మీరేటీ సెయ్యొద్దు. రేపు నాను ఆలీసంగా వస్తాను.”

మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరింది. చేతిసంచిలో సీసా, పరీక్ష పట్టీల డబ్బా, నోటుబుక్కు, పెన్సిలు. విమానాశ్రయం కోసం వేసిన కొత్త రోడ్డు మీద బస్సు నున్నగా పోతుంటే ఎన్నడూ లేనిది ఆమెకి కుదుపులుంటే బాగుండుననిపించింది. క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో ఇంకా తేలలేదు. ముప్ఫై మూడేళ్ళలో డాక్టర్లను కసిరింది, పాస్టర్లను కసిరింది. తిరిగి వెళ్ళి తప్పయిందనడం పెద్దగా అలవాటు లేదు.

దానమ్మ ఇంటి ముందు వలల మీద కవ్వళ్ళనే చిన్న చేపలు ఎండుతున్నాయి. ఆవిడ అరుగు మీద కూర్చుని సాన మీద పసుపు కొమ్ము అరగదీస్తోంది. తలెత్తి చూసింది.

“మొగం కోసం ఇంటికే వచ్చినావేటి?”

“నిన్న నోరు జారేను దానమ్మా. అది సెప్పడానికొచ్చేను.”

దానమ్మ కొమ్ము ఇంకో నాలుగు చుట్లు తిప్పింది. తరవాత కాలితో పీట ఒకటి ఇటు జరిపింది. లీలారాణి కూర్చుంది.

దానమ్మే మొదలెట్టింది. “రేషను కార్డుకి ఫొటో తీయించుకోవాలని ఎల్లేను. అసిరిగాడు నా సంకనున్నాడు. పసుపుకి మొగం మెరిసిపోతన్నాది, ఫొటో రాదు, కడుక్కు రమ్మన్నాడు ఫొటోవోడు. కడుక్కున్నాను. ఇంటికొచ్చేసరికి ఒడ్డు మీద జనం. మా ఇంటోడి తెప్ప తిరగబడిపోనాది.” పసుపు ముద్దను వేలితో దగ్గరకు లాగింది. “కార్డులో ఇప్పటికీ ఉన్నాది ఆ ఫొటో. బోడి మొగం.”

అది ఉత్త భయమని చెప్పడానికి లీలారాణి రాలేదు. సంచిలోంచి నోటుబుక్కు తీసి, నాలుగు పొరలూ ఎత్తి, అడుగున ఉన్న పసుపుపచ్చబడ్డ కాగితం చూపించింది.

“నాకు సదువు రాదు. ఏటి రాసున్నాది?”

“లేదు అని.”

“ఎవులు రాసేరు?”

“నానే. గున్నమ్మని, పక్క పల్లె నుంచి చేపల తట్ట మోసేది…”

“గున్నమ్మా? నీళ్ళ జబ్బుతో పోనాదన్నారు?”

“నీళ్ళు కాదు. పసుపు కింద మచ్చ ఉన్నాది. నాను సూడనేదు. లేదని రాసేసేను. దాని కిడ్నీలు ఏడాదిలో పోనాయి. నీ కోడలికి అదేనో కాదో నాకు తెల్దు. సూస్తేనే తెలస్తాది.”

తడిక వెనక నుంచి రాణి గొంతు వినబడింది. నీళ్ళ బిందె దగ్గర నిలబడి అంతా వింటోంది. “మీరిద్దరూ నా మొగం కోసం నిన్న కొట్టుకున్నారు, ఈయేళ ఏడస్తన్నారు. మొగం నాది. నన్నెవులూ అడగరేటి?”

“ఏటడగాలే నిన్ను?” అంది దానమ్మ.

“నా మావ వచ్చేసరికి నాను బతికుండాలి అత్తా. పసుపు ఉండి నాను నేకపోతే ఆడేటి సేసుకుంటాడు?”

దానమ్మ లేచింది. అరగదీసిన పసుపంతా అరచేతిలోకి తీసుకుంది. ఆ ఇంట్లో రోజూ జరిగేదే ఇది. కోడలు ముఖం మీద నీళ్ళు పోసుకోగానే అత్త పసుపు పట్టుకుని ఎదురుగా ఉంటుంది, తడి ఆరనివ్వకుండా తనే రాస్తుంది. నీళ్ళకీ పసుపుకీ మధ్య సందు ఉండనివ్వదు.

“ఇదిగో సిస్టరమ్మా” అంది. “ఇది నీళ్ళు పోసుకుంటాది. నాను ఊపిరి బిగబడతాను. ఇడిసీలోగా నువ్వు సూసుకో. ఇడిసేక రాసేస్తాను. ఫొటోలు తియ్యకు.”

“తియ్యను.”

రాణి రెండు చెంబులు గుమ్మరించుకుని పాత పసుపు రుద్దేసుకుంది. దానమ్మ నిండా గాలి పీల్చి నోరు మూసుకుంది. లీలారాణి రాణి గడ్డం పట్టుకుని ముఖం తూర్పుకి తిప్పింది. ముక్కు దూలం మీంచి రెండు బుగ్గల మీదికీ నేరేడు రంగు. వేలితో తడిమింది. చర్మం కొంచెం లేచి గరుగ్గా ఉంది. ముక్కు పక్కనుంచి పెదవి చివరకు దిగే మడత దగ్గర రెండు వైపులా గీత గీసినట్టు ఆగిపోయి, అక్కడ చర్మం మామూలుగా ఉంది. ఎండకి కమిలితే ఆ మడతను అలా వదిలిపెట్టదు. ఇంకోసారి చూసింది. పక్కన దానమ్మ కళ్ళు ముందుకొస్తున్నాయి, మెడ నరాలు లేస్తున్నాయి. అయినా చెయ్యి కదపలేదు.

“అయిపోనాది” అంది లీలారాణి.

దానమ్మ భళ్ళున ఊపిరి వదిలి, రెండు చేతులా కోడలి ముఖానికి పసుపు పట్టించేసింది. అది అయ్యాక, వగరుస్తూ, మెల్లిగా అంది: “ఆ నలుపేనా? రోజూ సూస్తన్నదే. ఎండకి మాడిందనుకుని ఇంకాస్త దట్టంగా పెడతన్నాను.”

“నాకూ అప్పుడు తెల్దు” అంది లీలారాణి.

సీసా నింపించి పట్టీ ముంచింది. అంచున ఉన్న చిన్న పసుపు రంగు గడి చూస్తుండగానే ఆకుపచ్చకి తిరిగింది. మూత్రంలో మాంసకృత్తులు పోతున్నాయి, అంటే జబ్బు కిడ్నీల మీద పడుతోంది. అరుగు మీదే కూర్చుని నోటుబుక్కులో కొత్త పేజీ తీసి ఒక ముఖం గీసింది. బొమ్మలో ఆమెది పెద్ద చెయ్యేమీ కాదు, చెవులు రెండూ రెండు ఎత్తుల్లో వచ్చాయి. మచ్చ మాత్రం పెన్సిలు పక్కకి వాల్చి జాగ్రత్తగా నింపింది, ముక్కు పక్క మడతలు తెల్లగా వదిలేసింది.

“ఇది నానా? కోతిలాగున్నాను” అంది రాణి.

మధ్యాహ్నానికి మురళీమోహన్ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. “మడతలు రెండు పక్కలా వదిలేసిందా?”

“రెండు పక్కలా.”

“లేచి ఉందా?”

“సన్నంగా. వేలికి తగలతన్నాది.”

ల్యాబ్ నుంచి మూత్రం లెక్క కూడా వచ్చింది. పట్టీ అబద్ధం చెప్పలేదు. డాక్టరు కాగితం మీద కొత్తగా కూడాడు. మూత్రానికి నాలుగు కలిపినా ఎనిమిదే. నోటి పుళ్ళ వరసలోనే ముఖం మచ్చా వస్తుంది, ఆ వరసలో పెద్దది ఒక్కటే లెక్క. రెండు కొట్టేసి ఆరు వేశాడు. పన్నెండు.

“పది దాటితేనే మందివ్వాలని ఎక్కడా లేదు సిస్టర్, ఎనిమిదైనా ఈ మూత్రం చూశాక పంపేవాణ్ణే” అన్నాడు ఫోను తీస్తూ. “కానీ విశాఖపట్నంలో పెద్దాసుపత్రివాళ్ళకి పన్నెండు అని చెబితే మంచం ఈరోజే దొరుకుతుంది.”

దొరికింది. అక్కడ సూదితో మూత్రపిండంలోంచి దారప్పోగంత ముక్క తీసి చూశారు. జబ్బు లోపలికి దిగింది గానీ పాడుచేసే పని ఇంకా మొదట్లోనే ఉంది. మందులు పట్టాయి. స్టెరాయిడ్లకి రాణి ముఖం గుండ్రమైపోయి, “గుమ్మడికాయని కోడలిగా తెచ్చుకున్నాను” అని దానమ్మ వాడంతా చెప్పుకుంది. వీరావల్ నుంచి అసిరయ్య ఫోను చేసి, “అమా, దాని పసుపు తీయించేరట?” అని భయంగా అడిగితే, “నాను ఊపిరి బిగబట్టేనొరే. నీకేటీ కాదు” అంది ధీమాగా. వేసవి మొదట్లో వాడు క్షేమంగానే ఒడ్డెక్కాడు. అప్పటికి రాణి మూత్రంలో ముంచిన పట్టీ పసుపు రంగులోనే ఉండిపోతోంది. మందు మానకూడదు, ఎండ తగలకూడదు, మూడు నెలలకోసారి రావాలి. రాణి వస్తోంది. లీలారాణి ప్రతిసారీ ఆ తేదీ కోతిబొమ్మ కింద రాస్తోంది.

మొన్న ఒక గురువారం ఆసుపత్రి వరండాలో దానమ్మ కనబడింది. కోడలు లేదు. వాళ్ళ వాడలోనే ఉండే ఒక పడుచుని రెక్క పట్టుకుని తెచ్చింది. నెల నుంచి జ్వరమట, వేళ్ళ నొప్పులట. ఆ పిల్ల బొట్టు పెట్టుకుంది, పూలు పెట్టుకుంది, ముఖం మాత్రం ఉత్త నీళ్ళతో కడుక్కుని వచ్చింది. సిగ్గుతో కొంగు అడ్డం పెట్టుకుంటోంది. దానమ్మ చేతిలో చిన్న స్టీలు డబ్బా ఉంది. మూత తీసి, తడిపిన పసుపు అరచేతిలోకి ఒంపుకుని సిద్ధంగా నిలబడింది.

“దీని మొగుడూ సముద్రం మీదే ఉన్నాడు అప్పా. బేగి సూడు” అని, అక్కను పిలిచినట్టు పిలిచి, గట్టిగా గాలి పీల్చి నోరు మూసుకుంది.

లీలారాణి కుర్చీలోంచి లేచి, ఆ పిల్ల ముఖాన్ని కిటికీ వైపు తిప్పింది.